వాన పీరియడు

మా అత్తయ్యగారి పెద్దకర్మ రోజున కాకినాడలో ఇంటి ముందు వేసిన షామియానా కింద ఆవిడ శిష్యులు ఒక్కొక్కరే లేచి మాట్లాడారు. ఒకాయన పోలీసు శాఖలో ఉన్నాడు. ఒకావిడ రైల్వేలో ఉద్యోగం చేస్తోంది. ఇంకొకాయనకు చేపల చెరువులున్నాయి. అందరూ చెప్పింది గ్రౌండు గురించే. మేడమ్ ఈల వేస్తే రోడ్డు మీద వెళ్ళే సైకిళ్ళు కూడా ఆగేవని ఒకరన్నారు. పిల్లల్ని ఎండలో నిలబెడితే తానూ ఎండలోనే నిలబడేవారని మరొకరన్నారు. చివర్లో అల్లుడుగారు కూడా రెండు మాటలు చెప్పాలన్నారు. లేచాను. "అత్తయ్యగారు ఐర్లండులో మా ఇంట్లో ఉన్నప్పుడు ఒక కుక్కకు ఆగడం నేర్పారు" అన్నాను. వెనక వరసలో ఎవరో మర్యాదగా నవ్వారు. ఆ తర్వాత మాట ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక కూర్చుండిపోయాను.

వాళ్ళకు మైదానంలో మేడమ్ తెలుసు. నాకు నాలుగు గోడల మధ్య మేడమ్ తెలుసు. ఆ రోజు షామియానా కింద చెప్పలేకపోయింది ఇక్కడ చెబుతాను.

మేముండేది డబ్లిన్‌లో, బోమాంట్‌లో. మా ఆవిడ ఆసుపత్రిలో డాక్టరు. నాది శాండీఫోర్డ్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. ఇల్లు ఊరికి ఈ చివర, ఆఫీసు ఆ చివర. జిల్లా పరిషత్ హైస్కూల్లో డ్రిల్లు టీచరుగా చేసి రిటైరైన అత్తయ్యగారు మొదటిసారి మా ఇంటికి వచ్చింది ఫిబ్రవరి నెలలో. "ఎండాకాలంలో అందరూ వస్తారమ్మా. అసలు చలెలా ఉంటుందో చూద్దామని వచ్చాను" అన్నారు ఎయిర్‌పోర్టులో కూతురితో. చీర మీద కూతురు పంపిన లావుపాటి కోటు, కాళ్ళకు తెల్ల కాన్వాసు బూట్లు. ఈల మాత్రం కాకినాడలోనే వదిలేసి వచ్చారు. "అల్లుడి ఇంట్లో ఈలేంటే, బావుండదు" అన్నారట కూతురితో.

నెల తిరిగేసరికి కరోనా వచ్చింది. విమానాలు ఆగిపోయాయి, ఇల్లు కదలొద్దన్నారు. మా ఆవిడకు కొవిడ్ వార్డులో డ్యూటీ పడింది. తల్లికి ఉబ్బసం కాబట్టి, ఇంటికి జబ్బు మోసుకురావడం ఇష్టంలేక, సూట్‌కేసు సర్దుకుని ఆసుపత్రి దగ్గర తోటి డాక్టర్లు అద్దెకు తీసుకున్న ఇంట్లోకి మారిపోయింది. ఇక ఇంట్లో మిగిలింది నేను, అత్తయ్యగారు, బూందీ అనే మా పిల్లి.

అత్తగారికీ అల్లుడికీ మధ్య గోదావరి వైపు ఉండే మర్యాద మామూలుది కాదు. నేను హాల్లోకి వస్తే ఆవిడ కుర్చీలోంచి లేచి నిలబడేవారు. నేను కూర్చోమనేవాణ్ణి, ఆవిడ వంటింట్లోకి వెళ్ళిపోయేవారు. నాతో నేరుగా మాట్లాడేవారు కాదు. వంటింట్లోంచి కూతురికి ఫోను చేసి "అల్లుడుగారికి పప్పులో ఉప్పు సరిపోయిందేమో కనుక్కోవే" అనేవారు. ఆ కూతురు డ్యూటీ మధ్యలో నాకు ఫోను చేసేది. హాల్లో కూర్చుని అన్నం తింటూ "సరిపోయింది" అని నేను చెప్పేవాణ్ణి. ఆ మాట వంటింట్లోకి స్పష్టంగా వినిపించేది. అయినా ఆవిడ మళ్ళీ కూతురి ఫోను వచ్చేదాకా ఆగేవారు.

ఈ మర్యాదలో మొదటి బీట వేసింది బూందీ.

అంతవరకూ పగలంతా ఇల్లు తనదే అనుకున్న పిల్లికి నేను పొద్దస్తమానం ఇంట్లోనే ఉండటం బొత్తిగా నచ్చలేదు. మీటింగులో ఉండగా బల్ల కింద నుంచి వచ్చి పిక్క పట్టుకునేది. లాప్‌టాప్ మీద పడుకునేది. రాత్రంతా కర్టెన్లు ఎక్కి దిగేది. దాన్ని ఆడించాలని నేను ఆన్‌లైన్లో ఈకలు కట్టిన కర్ర ఒకటి తెప్పించి, రోజూ సాయంత్రం దాని మొహం ముందు గిలగిల ఆడించేవాణ్ణి. అది ఆవులించి అటు తిరిగేది. అత్తయ్యగారు వంటింటి గుమ్మంలో నిలబడి కొన్నాళ్ళు ఈ తతంగం చూశారు. ఒకరోజు ఇక ఉండబట్టలేకపోయారు.

"అల్లుడుగారూ, ఒక మాటంటే ఏమీ అనుకోరు కదా."

"అయ్యో, చెప్పండి."

"ఏ ఎలకైనా పిల్లి మొహమ్మీదకొచ్చి డాన్సు చేస్తుందాండి?"

ఆవిడ నాతో నేరుగా మాట్లాడటం అదే మొదటిసారి అనుకుంటాను. ఆ తర్వాత పాత చీర అంచు ఒకటి చింపి చెక్క గరిటెకు కట్టారు. నేల మీద కూర్చుని ఆ పీలికను కుర్చీ కాలు వెనక నుంచి మెల్లగా లాగారు. లాగి ఆపేశారు. కొస మాత్రం కొంచెం బయటికి కనిపిస్తోంది. గదిలో చప్పుడు లేదు. బూందీ తల తిరిగింది. అత్తయ్యగారు ఆ కొసను వేలెడంత వెనక్కి లాక్కున్నారు. బూందీ కళ్ళు పెద్దవయ్యాయి, నడుము అటూ ఇటూ ఊగింది, ఒక్క గెంతు గెంతి పీలికను పట్టుకుంది.

నేను చప్పట్లు కొట్టబోతే ఆవిడ వేలు చూపించి ఆపారు. పిల్లి దాన్ని కాసేపు కొరికి, కాళ్ళతో తన్ని, ఎలకను చంపినంత తృప్తి పొందాక వెంటనే గిన్నెలో అన్నం పెట్టారు. "గెలవనివ్వాలండి. మొదటి రోజే ఓడిపోయిన పిల్లాడు రెండో రోజు గ్రౌండుకి రాడు" అన్నారు. ఇంకోసారి ఆడిద్దామని నేనంటే, "వద్దండి. ఇంకా ఆడాలని ఉన్నప్పుడే ఆపెయ్యాలి. విసుగొచ్చేదాకా ఆడిస్తే అది ఆట కాదు, శిక్ష" అన్నారు.

ఆ రాత్రి కర్టెన్లకు విశ్రాంతి దొరికింది.

ఇవన్నీ ఎక్కడ నేర్చుకున్నారని మర్నాడు ఆవిడ కాఫీ ఇస్తున్నప్పుడు అడిగాను. "వాన పీరియడండి" అన్నారు. కోనసీమలో ఆవిడ పనిచేసిన బడిలో వానాకాలం వచ్చిందంటే గ్రౌండు చెరువైపోయేదట. డ్రిల్లు పీరియడు గదిలోనే జరగాలి. క్లాసు క్లాసంతా ఆ గదిలోనే. పక్క గదిలో లెక్కల మాస్టారు. పిల్లలు పరిగెత్తకూడదు, అరవకూడదు, బల్లలెక్కకూడదు. "గ్రౌండులో డ్రిల్లు ఎవరైనా చెప్తారండి, ఈలుంటే చాలు. వానపడ్డప్పుడు గదిలో చెప్పాలి, అప్పుడు తెలుస్తుంది టీచరెవరో" అన్నారు. ఆ మాట అన్నప్పుడు ఆవిడ మెడ నిటారుగా అయింది. ఆవిడ గొప్ప చెప్పుకోవడం నేను విన్నది ఆ ఒక్కసారే.

మా ఇళ్ళు వరసగా ఒకదానికొకటి అతుక్కుని ఉంటాయి. కుడివైపు గోడ పక్కింటి పెద్దాయనదీ మాదీ. ఆయన ఒకప్పుడు బస్సు నడిపేవాడు. పెళ్ళి చేసుకోలేదు. అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ళు ఎవరూ మిగల్లేదు. గేటు దగ్గర కనిపిస్తే వాన గురించో, వాన రాకపోవడం గురించో ఒక మాట అనేవాడు. ఆయనతో రోజీ ఉండేది. నలుపూ తెలుపూ కలిసిన కోలీ కుక్క. కొండల్లో గొర్రెల మందల్ని తిప్పే జాతి అది. రోజంతా పరిగెత్తినా అలసట తెలియదు. అలాంటి కుక్కకు వెనక కాలి మోకాలు దెబ్బతిని, అంతా మూతపడటానికి కొంచెం ముందు ఆపరేషన్ అయింది.

ఒక ఉదయం ఆ ఇంటి ముందు అంబులెన్సు ఆగింది. తల నుంచి కాలి దాకా కప్పుకున్న మనుషులు పెద్దాయన్ని కుర్చీలో కూర్చోబెట్టి తీసుకెళ్ళారు. మేము కిటికీలోంచి చూశాం. మధ్యాహ్నం నుంచి గోడ అవతల ఏడుపు మొదలైంది. అది మొరగడం కాదు. సన్నగా, ఆగి ఆగి, ఊపిరి పీల్చుకుని మళ్ళీ.

మా ఆవిడ ఫోను చేసింది. స్పీకర్లో పెట్టాను. "పక్కింటాయన మా వార్డులోనే ఉన్నాడు. మాస్కు పక్కకి లాగి మరీ కుక్క సంగతే అడుగుతున్నాడు. తాళం పూలకుండీ కింద ఉందట. ఆ కాలు కుదుటపడేదాకా అది గెంతకూడదు, పరిగెత్తకూడదు, మెట్లెక్కకూడదు. లోపల వేసిన కుట్టు తెగితే మళ్ళీ కోయాలట. మీరు తీసుకొస్తారా? కానీ అమ్మకి కుక్కలంటే..."

అత్తయ్యగారిని చిన్నప్పుడు వీధికుక్క కరిచింది. బొడ్డు చుట్టూ సూదులు పొడిపించుకున్నారు. అప్పటి నుంచీ కుక్క ఎదురైతే రోడ్డు దాటి అవతలికి వెళ్ళిపోయేవారు. ఆ రోజు కూడా అలవాటు ప్రకారం ఫోను వైపే తిరిగి "తీసుకురమ్మను" అన్నారు. అని, ఒక్క క్షణం ఆగి, నా వైపు తిరిగారు. "తీసుకురండి అల్లుడుగారూ. గోడవతల పిల్ల ఏడుస్తుంటే ఇటు మనకి అన్నమెలా దిగుతుంది?"

మాస్కు, గ్లవ్సులు వేసుకుని వెళ్ళాను. రోజీ హాల్లో పెద్ద ఇనప బోనులో ఉంది. కుట్లు కొరక్కుండా మెడ చుట్టూ ప్లాస్టిక్ గరాటా. గిన్నెలో తిండి అలాగే ఉంది. ముందు బోను తెచ్చి మా హాల్లో పెట్టి, తర్వాత కుక్కను రెండు చేతులతో ఎత్తుకుని తెచ్చాను. గుమ్మంలో తడిగుడ్డతో ఒళ్ళంతా తుడిచాను. అత్తయ్యగారు మెట్ల మీద నిలబడి రెయిలింగు పట్టుకుని చూస్తున్నారు. బూందీ వంటింట్లో ఫ్రిజ్ పైకెక్కి ఇంకా ఎత్తునుంచి చూస్తోంది.

రోజీ రెండు రోజులు ఏమీ తినలేదు. బోనులో గుండ్రంగా తిరిగేది. తిరగనివ్వకపోతే ఇనప చువ్వలు కొరికేది. వెటర్నరీ డాక్టరుకు ఫోను చేశాను. నేను ఫోను పెట్టేశాక అత్తయ్యగారు "ఏమంటున్నారండి?" అని అడిగారు.

"కదలనివ్వొద్దు, కానీ ఊరికే ఖాళీగా కూడా ఉంచొద్దు అంటున్నారు. ఏదో ఒక పని పెట్టమంటున్నారు."

ఆవిడ బోను వైపు చాలాసేపు చూశారు.

"అంటే వాన పీరియడే కదండీ" అన్నారు.

అప్పుడు ఆవిడ చేసిన పని నేను మరచిపోలేను. ఉడికించిన కోడిమాంసం ముక్కలు చిన్న గిన్నెలో వేసుకుని, తెరిచిన బోను ముందు, కుక్కకు వీపు పెట్టి నేల మీద కూర్చున్నారు. ఎదురుగా కూర్చోడానికి భయం. కుక్కకూ కొత్త మనిషి కళ్ళలోకి చూడాలంటే భయమే. అలా వెనక్కి తిరిగి కూర్చుని, తనలో తాను మాట్లాడుకుంటున్నట్టు ఏదో గొణుగుతూ, ఒక ముక్కను భుజం మీదుగా వెనక్కి వేశారు. చాలాసేపటికి నాకు నమిలిన చప్పుడు వినిపించింది. ఆవిడకూ వినిపించింది. తిరిగి చూడలేదు. ఇంకో ముక్క కొంచెం దగ్గరగా వేశారు. అలా వేస్తూ వేస్తూ చివరి ముక్క పక్కన, నేల మీదే చెయ్యి ఉంచేశారు. కుక్క ముక్కు ఆ చేతికి తగిలినప్పుడు ఆవిడ కళ్ళు మూసుకోవడం నాకు కనిపించింది. చెయ్యి మాత్రం తియ్యలేదు.

ఆ తర్వాత మా హాలు బడి అయిపోయింది. పాఠాలప్పుడు రోజీ మెడలో గరాటా తీసేసేవాళ్ళం. స్టీలు గ్లాసులు వరసగా బోర్లించి ఒకదాని కింద ముక్క దాచేవారు. రోజీ కూర్చున్న చోటు నుంచే వాసన చూసి ముక్కుతో ఆ గ్లాసును తోయాలి. పాత తువ్వాలు పరిచి మధ్యలో బిస్కెట్ ముక్కలు పెట్టి చాపలా చుట్టేవారు. అది పడుకునే, ముక్కుతో మడత మడత విప్పుకోవాలి. కోడిగుడ్ల అట్టలు, ఆన్‌లైన్లో వచ్చిన అట్టపెట్టెలు, నలిపిన కాగితాలు, ఏదీ పారెయ్యనిచ్చేవారు కాదు. గిన్నెలో తిండి పెట్టడం మానేశాం. వెతుక్కున్నదే దాని భోజనం. అన్నీ తెలుగులోనే నేర్పారు. కూర్చో, వెతుకు, నెమ్మది, ఆగు. "ఒళ్ళు ఆగాలంటే బుర్రకి పనుండాలండి" అనేవారు. కాసేపు అలా బుర్ర పెట్టి వెతికాక రోజీ, కొండలెక్కి దిగినట్టు, పక్కకు వాలి నిద్రపోయేది.

అన్నిటికన్నా ఎక్కువ రోజులు పట్టింది 'ఆగు'. ముక్క ఎదురుగా పెట్టి, అరచెయ్యి అడ్డం పెట్టి, "ఆగు" అనేవారు. మొదట ఒక్క రెప్పపాటు ఆగితే చాలు, వెంటనే ఇచ్చేసేవారు. మెల్లమెల్లగా ఆ రెప్పపాటును సాగదీశారు. కొన్నాళ్ళకు ముక్క పెట్టి వంటింట్లోకి వెళ్ళి పొయ్యి మీద పాలు దించుకుని వచ్చినా, రోజీ అక్కడే, ముక్కను కాక గుమ్మాన్ని చూస్తూ ఉండేది.

బూందీకి వేరే నియమాలు. "పిల్లి ఆటగాడు కాదండి, అంపైరు. దానికి మనం ఆట నేర్పలేం. దానికి ఆడాలనిపించినప్పుడు మనం అక్కడుండాలి, అంతే" అనేవారు. అందుకని ఉదయం కుక్కకు, సాయంత్రం పిల్లికి. మిగతా వేళల్లో బూందీ ఫ్రిజ్ మీద నుంచి రోజీ తప్పులు లెక్కపెట్టుకుంటూ కూర్చునేది.

మా మధ్య మర్యాద ఎప్పుడు పోయిందో నాకు తెలియనే లేదు. "అల్లుడుగారూ, మీరా తలుపు దగ్గర నిలబడండి. నేను చెప్పేదాకా కదలకండి" అనేవారు. హెడ్‌సెట్ పెట్టుకుని ఆఫీసు మీటింగులో ఉన్నవాణ్ణి అలాగే వెళ్ళి నిలబడేవాణ్ణి. నేను హాల్లోకి వస్తే ఆవిడ లేచి నిలబడటం మానేశారు. లేవడానికి వీల్లేదు, ఒళ్ళో కుక్క తల ఉంది.

ఈ సంగతి మా ఆవిడ ద్వారా డాక్టర్లలో పాకింది. చాలామంది ఇళ్ళలో పిల్లులూ కుక్కలూ ఉన్నాయి. మనుషులు రోజంతా ఆసుపత్రిలో ఉండి ఇంటికొచ్చేసరికి సోఫా పీలికలై ఉండేది. ఆదివారాలు ఫోన్లు వచ్చేవి. "ఆంటీ, మావాడు టీవీ రిమోట్ నమిలేశాడు" అని ఒక తెలుగు డాక్టరు వీడియోలో చూపిస్తే, అత్తయ్యగారు కళ్ళజోడు పెట్టుకుని పరిశీలించి, "తప్పు వాడిది కాదమ్మా. పని లేని పిల్లాడికి చేతికందిందే పని. పొద్దున్న వెళ్ళేముందు వాడికేం పని అప్పజెప్పి వెళ్తున్నావ్?" అని అడిగారు. ఆ అమ్మాయి ఆలోచించి "ఏమీ లేదాంటీ" అంది. "మరదే" అన్నారు.

ఒక సాయంత్రం మా ఆవిడ ఫోను చేసింది. గొంతు డాక్టరు గొంతులా ఉంది.

"అమ్మా, విను. పక్కింటాయన్ని ఐసీయూకి మారుస్తున్నారు. మత్తిచ్చి మిషను మీద పెడతారు. మళ్ళీ లేస్తాడో లేదో ఎవరం చెప్పలేం. ఇలాంటప్పుడు ముందు ఇంట్లోవాళ్ళతో మాట్లాడిస్తాం. ఆయనకెవరూ లేరు కదా. రోజీని ఒకసారి చూస్తానంటున్నాడు. కాసేపట్లో వీడియో కాల్ చేస్తాను."

నాకు వెంటనే ఆ మోకాలు గుర్తొచ్చింది. యజమాని గొంతు వింటే అది గెంతకుండా ఉంటుందా? ఇన్నాళ్ళ కష్టం ఒక్క గెంతుతో పోతుంది. "సౌండు తీసేసి చూపిద్దామా అత్తయ్యగారూ?" అన్నాను.

"గొంతు లేకుండా మొహం చూస్తే దానికేం తెలుస్తుందండి? కుక్కకి మనిషంటే గొంతూ వాసనా. వాసన ఎలాగూ లేదు. గొంతు కూడా లేకపోతే ఇంక ఆయన వచ్చినట్టా?" అన్నారు. గోడ అవతలి నుంచి నేను తెచ్చిన పెద్దాయన స్వెట్టరును చాప మీద పరిచి, దాని మీద రోజీని పడుకోబెట్టారు. పక్కన తానూ కూర్చున్నారు. "ఫోను నేల మీద, దాని కళ్ళకెదురుగా పెట్టండి. ఏం జరిగినా మీరు కదలకండి."

తెర మీద పెద్దాయన మొహం సగం మాస్కే. మిగతా సగం బూడిద రంగులో ఉంది. "రోజీ" అన్నాడు. నూతి అడుగు నుంచి వచ్చినట్టుంది ఆ గొంతు.

కుక్క చెవులు నిక్కబొడుచుకున్నాయి. ఒళ్ళంతా దగ్గరకు ముడుచుకుంది. వెనక కాళ్ళు నేలను నొక్కాయి.

"ఆగు" అన్నారు అత్తయ్యగారు. గట్టిగా అనలేదు. అరచెయ్యి దాని ముక్కుకు అడ్డంగా పెట్టారు.

రోజీ వణికిపోయింది. కుయ్యిమంది. దాని కళ్ళు తెర మీద నుంచి ఆవిడ చేతి మీదకు, చేతి మీద నుంచి తెర మీదకు తిరిగాయి. నడుము మాత్రం లేవలేదు. ఫోనులో ఆయన పేరు పిలుస్తూనే ఉన్నాడు, "గుడ్ గర్ల్, గుడ్ గర్ల్" అంటున్నాడు. వణుకు కొంచెం తగ్గాక ఆవిడ చెయ్యి దించి, ఫోను దగ్గరకు జరిపి, "నెమ్మది" అన్నారు. రోజీ పొట్ట మీద పాకుతూ ముందుకు వెళ్ళి తెరకు ముక్కు ఆనించింది. అవతల ఆయనకు కనిపించింది తడిసిన నల్ల ముక్కు ఒక్కటే అయి ఉంటుంది. మాస్కులో నవ్వు, వెంటనే దగ్గు వినిపించాయి.

అల్లరి చేస్తోందా అని ఆయన ఇంగ్లీషులో అడిగాడు. నేను జవాబు చెప్పేలోగా అత్తయ్యగారు ఫోను వైపు వంగి, తన బడి ఇంగ్లీషులో, ఒక్కొక్క మాటే పలికారు.

"ఫస్ట్ క్లాస్ స్టూడెంట్, సార్. ఐ టీచ్ హర్ వెయిటింగ్. సో యూ టేక్ టైమ్. టేక్ టైమ్ అండ్ కమ్."

ఆయన "ఐ విల్, సో" అన్నాడు, సరే వస్తానన్నట్టు. గ్లవ్సు వేసుకున్న మా ఆవిడ చెయ్యి తెర మీదకు వచ్చింది. ఫోను ఆగిపోయింది.

రోజీ ఫోను వెనక ఆయన కోసం వెతికింది. అత్తయ్యగారు దాని తల నిమిరి, లేచి వంటింట్లోకి వెళ్ళి, కడిగి బోర్లించిన గ్లాసుల్నే మళ్ళీ కడగడం మొదలుపెట్టారు. నేను వెళ్ళి కుర్చీ జరిపి "కూర్చోండి అత్తయ్యగారూ" అన్నాను. కూర్చున్నారు. ఆ ఇంట్లో మొదటిసారి నేను కాఫీ కలిపి ఆవిడకు ఇచ్చాను.

"గెంతబోయే కుక్క మొహానికి చెయ్యి అడ్డం పెట్టారు, భయం వెయ్యలేదా?" అని అడిగాను.

"వేసిందండి. దానికీ వేసింది" అన్నారు. "ఇద్దరం ఆగాం కదా."

తర్వాత చాలా రోజులు మా ఆవిడ ఫోనులో ఒకే మాట: "అలాగే ఉన్నాడు." అత్తయ్యగారు ఆ మాట విని ఇంకేమీ అడిగేవారు కాదు. బడి మాత్రం ఒక్క పూట కూడా ఆపలేదు. వెటర్నరీ డాక్టరు సరేనన్నాక తాడు కట్టి పెరట్లో అటూ ఇటూ నడిపించేవారు. కుక్క కుంటితే ఆగేవారు. తనకు ఆయాసం వస్తే అదీ ఆగేది.

ఒకరోజు ఫోనులో మా ఆవిడ గొంతు మారింది. గొంతులో ఊపిరి గొట్టం తీసేశారట. పెద్దాయన కళ్ళు తెరిచి, మాట కూడదీసుకోడానికి ఒక రోజు తీసుకుని, "హౌ ఈజ్ ద టీచర్?" అని అడిగాడట.

వేసవి మొదట్లో ఆయన ఇంటికి వచ్చాడు. మా ఆవిడ కూడా అప్పటికి ఇంటికి వచ్చేసింది. కోటు ఒంటి మీద హ్యాంగరుకు తగిలించినట్టు వేలాడుతున్న ఆ మనిషి మీద కుక్క గెంతితే ఆయనా పడతాడు, దాని మోకాలూ పోతుంది. అత్తయ్యగారు ఆయన్ని ముందు కుర్చీలో కూర్చోబెట్టించి, రోజీని తాడుతో మా గేటులోంచి వాళ్ళ గేటులోకి నడిపించుకెళ్ళారు. "నెమ్మది, నెమ్మది" అంటూనే ఉన్నారు. తోక ఒళ్ళంతా ఊపేస్తోంది. అయినా అడుగులో అడుగు వేసుకుంటూ వెళ్ళి ఆయన బూటు మీద గడ్డం ఆనించింది. పెద్దాయన వంగి దాని మెడ మీద చేతులు వేసి చాలాసేపు అలాగే ఉండిపోయాడు. తాడు ఆయన చేతిలో పెట్టేసి అత్తయ్యగారు గేటు బయటికి వచ్చి నిలబడ్డారు.

ఇంకొన్ని వారాలకు ఎక్స్‌రే తీసి, "గ్రాండ్" అన్నాడు వెటర్నరీ డాక్టరు. ఇక పరిగెత్తొచ్చు. విమానాలు కూడా మొదలయ్యాయి. అత్తయ్యగారి ప్రయాణం ఖాయమైంది. వెళ్ళేముందు దాని పరుగు చూసి వెళ్తానన్నారు.

మా వీధి చివర గడ్డి మైదానం ఉంది. ఒక సాయంత్రం అందరం వెళ్ళాం. పెద్దాయన బెంచీ మీద కూర్చుని తాడు విప్పాడు. "గో ఆన్" అన్నాడు. రోజీ కదల్లేదు. అత్తయ్యగారి మొహంలోకి చూస్తూ నిలబడింది.

"పరిగెత్తవే" అన్నారు ఆవిడ. ఇంట్లో ఆ మాట ఎవరూ ఎప్పుడూ దానికి నేర్పలేదు. తోక ఊపి, ఆగే ఉంది.

అత్తయ్యగారు ఒక్క క్షణం ఆలోచించారు. కోటు విప్పి నాకిచ్చారు. కళ్ళజోడు తీసి నా చేతిలో పెట్టి "ఇవి పట్టుకోండి" అన్నారు. కొంగు నడుముకు బిగించి దోపారు.

"అమ్మా, నీ ఉబ్బసం..." అంది మా ఆవిడ.

"ఊరుకోవే" అని, పరిగెత్తారు.

వేగమేమీ లేదు. కానీ మోచేతులు పక్కలకు దగ్గరగా, తల నిటారుగా, తెల్ల బూట్లు తడిగడ్డి మీద ఒక లయలో పడుతున్నాయి. ఏళ్ళ తరబడి వందలమంది పిల్లలకు నేర్పిన పరుగు అది. మా ఆవిడ నా చెయ్యి పట్టుకుంది. "మా అమ్మ పరిగెత్తడం నేనెప్పుడూ చూడలేదు" అంది.

రోజీ ఒకసారి పెద్దాయన వైపు చూసింది, ఒకసారి ఆవిడ వైపు చూసింది. తర్వాత కదిలింది. రెండు అంగల్లో ఆవిడను దాటిపోయింది. చెవులు వెనక్కి వాల్చి, నేలకు ఆనుకున్నట్టు సాగి, మైదానం అంచు దాకా వెళ్ళి తిరిగింది. అక్కడి నుంచి పెద్ద గుండ్రం కట్టింది. అత్తయ్యగారినీ, మమ్మల్నీ, బెంచీ మీద పెద్దాయన్నీ, అందరినీ ఒక మందలా లోపలికి చేర్చి చుట్టూ తిరిగింది. ఆవిడ మధ్యలో ఆగి, నడుము మీద చేతులు పెట్టుకుని, ఆయాసపడుతూ దాన్నే చూస్తున్నారు. మొహం వెలిగిపోతోంది.

చంటిపిల్ల బండి తోసుకుంటూ వెళ్తున్న ఒకావిడ మాకు దూరంగా ఆగి కాసేపు చూసింది. "ఈజ్ షీ యువర్స్?" అని అడిగింది. ఆమె అడిగింది కుక్క గురించేనని తెలుసు. నా చూపు అత్తయ్యగారి మీద ఉంది.

"షీ ఈజ్" అన్నాను. "మా మనిషే."

ఆ రెండో మాట తెలుగులోనే అన్నాను.